గది తాళం ఎవరి చేతిలో

పెద్దవాళ్ళ కోసం కట్టిన నివాస సముదాయాల బ్రోషర్లు ఏవి తిరగేసినా బొమ్మలు దాదాపు ఒకటే. పచ్చిక మీద యోగా చేస్తున్న తెల్లజుట్టు దంపతులు, క్యారమ్స్ బల్ల, చిన్న గుడి, స్నానాల గదిలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు, మంచం పక్కన ఎమర్జెన్సీ బటన్, గేటు దగ్గర అంబులెన్సు. వీటిలో ఏదీ అనవసరం కాదు. డెబ్భై దాటిన మనిషికి జారని టైల్స్ విలువ ఏమిటో తుంటి ఎముక విరిగిన ఇంట్లో వాళ్ళను అడిగితే చెబుతారు. కాకపోతే ఇవన్నీ భవనంలో ఏమున్నదో చెబుతాయి గాని, అందులో ఉండే మనిషికి రోజు ఎలా గడుస్తుందో చెప్పవు. పొద్దున్న కాఫీ ఎన్నింటికి రావాలో ఆవిడ చెబుతుందా, వంటగది చెబుతుందా? రాత్రి నిద్ర పట్టకపోతే లైటు వేసుకుని చదువుకోవచ్చా? ఆవకాయ జాడీ గదిలో పెట్టుకోనిస్తారా, ఉప్పు ఎక్కువని తీసేస్తారా? చెల్లెలు వస్తే రెండు రోజులు ఉంచుకోవచ్చా? తలుపు తట్టకుండా లోపలికి వచ్చే హక్కు ఎవరెవరికి ఉంది? ఒక సముదాయంలో సంరక్షణ ఎంత బాగుందో కొలవాలంటే ఈ ప్రశ్నల దగ్గరే కొలవాలని నా వాదన. తన రోజు మీద తన పెత్తనం ఎంత మిగిలిందన్నదే అసలు కొలబద్ద. ఇది కేవలం మనసుకు సంబంధించిన మాట కాదు. దీని వెనక యాభై ఏళ్ళ పరిశోధన ఉంది. ఆ పరిశోధనలో ఉన్న చిల్లులు కూడా తెలుసుకోవలసినవే.

ముందు ఈ విషయం మనకెందుకో చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో దేశంలో అరవై దాటినవాళ్ళు సుమారు 10.4 కోట్లు. 2050 నాటికి ఈ సంఖ్య 34.7 కోట్లకు, అంటే ప్రతి అయిదుగురిలో ఒకరికి, చేరుతుందని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక అంచనా వేసింది. 2021 అంచనాల ప్రకారం కేరళ, తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్, పంజాబ్ తర్వాత ఎక్కువగా వయసు మీరిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అక్కడి జనాభాలో 12.4 శాతం అరవై దాటినవాళ్ళే. పైగా పిల్లల్ని హైదరాబాదు, బెంగళూరు మీదుగా టెక్సస్‌కీ న్యూజెర్సీకీ పంపించిన తరం ఇప్పుడు ఆ వయసులో ఉంది. కోయంబత్తూరు చుట్టుపక్కల ముందుగా పాతుకున్న ఈ వ్యాపారం హైదరాబాదు శివార్లకూ వచ్చింది. మరోవైపు ధర్మసంస్థలూ ప్రభుత్వ సాయంతో నడిచే వృద్ధాశ్రమాలూ ఎప్పటినుంచో ఉన్నాయి. డబ్బులో ఈ రెండింటికీ నేలకూ నింగికీ ఉన్నంత తేడా ఉన్నా, నేను చెప్పబోయే విషయంలో మాత్రం పెద్ద తేడా కనబడదు.

దీనికి కారణం ఉంది. రెండు చోట్లా డబ్బు కట్టేవారు ఒకరు, ఉండేవారు ఇంకొకరు. ఆశ్రమంలో దాత కడతాడు, లేదా గ్రాంటు వస్తుంది. ఖరీదైన సముదాయంలో చాలాసార్లు డిపాజిట్టూ నెలవారీ మెయింటెనెన్సూ కొడుకో కూతురో కడతారు. ఎవరు కడితే వాళ్ళ భయాలకే సంస్థ జవాబు చెప్పుకుంటుంది. సముద్రాల అవతల ఉన్న కొడుకును రాత్రి నిద్రపోనివ్వని భయం ఒక్కటే: అమ్మ పడిపోతే? అందుకే కెమెరాలు, బటన్లు, రోజూ వాట్సాప్‌లో వచ్చే బీపీ అంకెలు అమ్ముడుపోతాయి. అమ్మకు సాయంత్రం బయటికి వెళ్ళి కూరగాయలు తనే బేరమాడి కొనుక్కోవాలని ఉంటే, ఆ కోరికకు బ్రోషర్‌లో చోటుండదు. కొన్ని చోట్ల గేటు దాటాలన్నా పిల్లల దగ్గరనుంచి ఫోనులో అనుమతి రావాలి. మున్సిపల్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి వీధి చివరికి వెళ్ళడానికి డల్లాస్ నుంచి పర్మిషన్ తెచ్చుకోవడమంటే ఏమిటో కాస్త ఆలోచించాలి. దీన్ని ప్రేమ కాదని అనలేం, కాని ప్రేమ అన్నంత మాత్రాన దాని ఫలితాలు మంచివైపోవు.

ఆ ఫలితాల గురించి మొదటగా గట్టిగా మాట్లాడిన పరిశోధన అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, ఆర్డెన్ హౌస్ అనే నర్సింగ్ హోమ్‌లో జరిగింది. ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దాన్ని 1976లో ప్రచురించారు. రెండు అంతస్తుల్లో ఉన్నవాళ్ళను తీసుకున్నారు. ఒక అంతస్తువారికి నిర్వాహకుడు, మీ గది ఎలా సర్దుకోవాలో, పొద్దు ఎలా పుచ్చాలో మీరే నిర్ణయించుకోండి, ఏదైనా నచ్చకపోతే చెప్పండి అన్నాడు. కుండీ మొక్కల పెట్టె చూపించి, కావాలంటే ఒకటి ఎంచుకోమని, నీళ్ళు మీరే పోసుకోవాలని చెప్పాడు. సినిమా వేసే రెండు రోజుల్లో ఏ రోజు వెళ్తారో కూడా వాళ్ళ ఇష్టానికే వదిలాడు. రెండో అంతస్తువారికీ మొక్క ఇచ్చారు, సినిమా చూపించారు. కాకపోతే మొక్క చేతికి అందించి, నీళ్ళు నర్సులు పోస్తారన్నారు. సినిమా రోజు కూడా వాళ్ళే చెప్పారు. మిమ్మల్ని సుఖంగా ఉంచడం మా బాధ్యత అన్నారు. మన దగ్గర మంచి ఆశ్రమం అనగానే మనసులో మెదిలేది ఈ రెండో మాటే. మూడు వారాల తర్వాత చూస్తే మొదటి అంతస్తులో 93 శాతం మంది చురుకుదనంలో, మాటామంతీలో మెరుగుపడ్డారు. రెండో అంతస్తులో మెరుగైనవాళ్ళు 21 శాతమే. ఏడాదిన్నర గడిచేసరికి మొదటి బృందంలో 47 మందికి ఏడుగురు, రెండో బృందంలో 44 మందికి 13 మంది చనిపోయారు.

ఈ చివరి లెక్కను పట్టుకుని, మొక్కకు నీళ్ళు పోస్తే ఆయుష్షు పెరుగుతుందని ప్రచారం చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. అంత తొందర పనికిరాదు. మరణాల లెక్క కట్టడంలో పొరపాటు దొర్లిందని 1978లో సవరణ వెలువడింది. దాని ప్రకారం ఆ తేడా కాకతాళీయం కావడానికి మొదట అనుకున్న దానికన్నా ఎక్కువ అవకాశమే ఉంది. ఆ చిన్న సంఖ్యలతో చావు బతుకుల గురించి తీర్పులు చెప్పలేం. చురుకుదనం గురించిన ఫలితం మాత్రం నిలబడింది. ఈ ప్రయోగానికన్నా నాకు ముఖ్యంగా తోచేది అదే కాలంలో రిచర్డ్ షుల్జ్ చేసిన మరొకటి. ఒక రిటైర్‌మెంట్ హోమ్‌లో ఉన్నవాళ్ళను చూడడానికి కాలేజీ విద్యార్థులు వచ్చేవారు. ఒక బృందం, విద్యార్థి ఎప్పుడు రావాలో, ఎంతసేపు ఉండాలో తామే నిర్ణయించుకునేది. ఇంకో బృందానికి ఫలానా రోజు వస్తారని ముందే తెలిసేది. మూడో బృందం దగ్గరకు విద్యార్థి ఎప్పుడో ఊడిపడేవాడు. నాలుగో బృందం దగ్గరకు ఎవరూ రాలేదు. మొదటి రెండు బృందాలు బాగుపడ్డాయి, ఊడిపడే చుట్టం వల్ల ఒరిగింది పెద్దగా లేదు. తర్వాత పరిశోధన ముగిసింది, విద్యార్థులు వెళ్ళిపోయారు. కొన్నేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే, బాగుపడిన ఆ రెండు బృందాలవారే బాగా దిగజారి ఉన్నారు.

మన సముదాయాల్లో జరిగే చాలా కార్యక్రమాలను ఈ వెలుగులో చూడాలి. ఉగాదికి కవి సమ్మేళనం, సంక్రాంతికి ముగ్గుల పోటీ, పుట్టినరోజుకు కేకు పట్టుకుని కాలేజీ పిల్లలు, ఫొటోలు, మర్నాటి పేపర్లో జిల్లా పేజీలో వార్త. తప్పేమీ లేదు. కాని ఆ రోజు ఎవరు వస్తారో, ఏం చేస్తారో నిర్ణయించింది లోపలున్నవాళ్ళు కానప్పుడు, వచ్చినవాళ్ళు మళ్ళీ ఏడాది దాకా కనబడనప్పుడు, దాన్ని సంరక్షణ ఖాతాలో రాసుకోవడం ఎంతవరకు సబబు? వారానికోసారి ఒకే మనిషి, చెప్పిన వేళకు వచ్చి కూర్చుంటే అంతకంటే మేలు.

పెత్తనాన్ని భవనంలోనే కట్టేయవచ్చని చూపించిన మనిషి కెరెన్ బ్రౌన్ విల్సన్. 1983లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఆమె పార్క్ ప్లేస్ పేరుతో 112 ఇళ్ళ సముదాయం తెరిచారు. నర్సింగ్ హోమ్‌లో పెట్టవలసినంత బలహీనులకు కూడా ఇళ్ళు ఇచ్చారు. ప్రతి ఇంటికీ లోపలనుంచి వేసుకునే తాళం, సొంత వంటగది, సొంత సామాను. ఎవరైనా లోపలికి రావాలంటే తలుపు తట్టాలి. గది ఎంత వెచ్చగా ఉండాలో, ఎప్పుడు తినాలో, మందు వేసుకోవాలో వద్దో తేల్చేది ఆ ఇంట్లో మనిషే. వైద్యం తెలిసినవాళ్ళు గగ్గోలు పెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం మాత్రం ఒప్పుకుంటూనే, అక్కడున్నవాళ్ళ ఆరోగ్యాన్ని కనిపెట్టి చూడాలని షరతు పెట్టింది. 1988లో ఆ లెక్కలు బయటికి వచ్చాయి. ఆరోగ్యం చెడలేదు. శరీరపు ఓపికా, బుద్ధి చురుకుదనమూ మెరుగయ్యాయి, దిగులు తగ్గింది. ప్రభుత్వ సాయం మీద ఉన్నవాళ్ళ మీద పెట్టిన ఖర్చు నర్సింగ్ హోమ్ ఖర్చుకన్నా అయిదో వంతు తగ్గింది. తర్వాతి కథ అంత అందంగా లేదు. అసిస్టెడ్ లివింగ్ అన్న పేరు బజారుకెక్కింది, పెద్ద కంపెనీలు దిగాయి. 1,500 సముదాయాల మీద జరిపి 2003లో ప్రచురించిన సర్వే ప్రకారం, సొంత ఏకాంతమూ, ఓపిక తగ్గినా అక్కడే ఉండిపోవడానికి చాలినంత సాయమూ రెండూ ఇస్తున్నవి 11 శాతమే. పేరు ఎక్కడైనా తగిలించుకోవచ్చు, మన దగ్గర బోర్డుల మీద కనిపించే ఇంగ్లీషు పేర్లకూ అదే జాగ్రత్త వర్తిస్తుంది.

దీనికి మొదటి అభ్యంతరం అందరూ ఊహించేదే. స్వేచ్ఛ ఇస్తే పడిపోతారు కదా! పడిపోవచ్చు. అయితే కట్టిపడేస్తే పడిపోరా? ఈ ప్రశ్నను యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ టినెట్టి బృందం నేరుగా అడిగింది. కనెక్టికట్‌లోని 12 నర్సింగ్ కేంద్రాల్లో ఉన్న 397 మందిని గమనించి 1992లో ఫలితాలు ప్రచురించారు. నడుం బెల్టులతో, కుర్చీ పట్టీలతో ఎప్పుడూ కట్టనివాళ్ళలో పడి తీవ్రంగా దెబ్బలు తగిలించుకున్నది 5 శాతం. కట్టినవాళ్ళలో 17 శాతం. ఎక్కువ బలహీనులనే కడతారు కాబట్టి తేడా అక్కడిదేమోనన్న అనుమానం సహజం. దాన్ని లెక్కలోకి తీసుకుని సరిచూసినా, కట్టడం వల్ల రక్షణ దొరికిందనడానికి ఆధారం కనబడలేదు. కదలనివ్వకపోతే కాళ్ళలో కండ కరుగుతుంది, తూకం తప్పుతుంది. పట్టీ విప్పిన రోజున పడేది మరింత గట్టిగా. 1987లో అమెరికా నర్సింగ్ హోమ్ సంస్కరణల చట్టం తెచ్చి, సిబ్బంది సౌకర్యం కోసం మనుషుల్ని కట్టడాన్ని నిషేధించింది. అంతకు ముందు పది మందిలో నలుగుర్ని కట్టే అలవాటున్న చోట్ల అది క్రమంగా కొద్ది శాతానికి పడిపోయింది. కాళ్ళూ చేతులూ విరిగి ఆస్పత్రులు నిండిపోలేదు. పట్టీలే కట్టాలని లేదు, ఊరికే రోజంతా వీల్‌చైర్‌లో కూర్చోబెట్టడం, మంచానికి రెండు వైపులా కటకటాలు ఎత్తి వదిలేయడం, నిద్రమాత్ర ఒకటి ఎక్కువ వేయడం కూడా అదే జాతి పనులు. పడే ప్రమాదం తగ్గించాలంటే ఫిజియోథెరపీ, సరైన చెప్పులు, రాత్రి దీపం, చూపు పరీక్ష, అనవసరమైన మందులు మాన్పించడం ఉన్నాయి. ఇవన్నీ మనిషిని నడిపించే మార్గాలు.

రెండో అభ్యంతరం మనవాళ్ళ నోట ఎక్కువ వినిపిస్తుంది. ఈ నిర్ణయాలూ హక్కులూ అమెరికా ముచ్చట్లు, మన పెద్దవాళ్ళకు కావలసింది కాలు కింద పెట్టకుండా చూసుకునే మనుషులు, జీవితమంతా చాకిరీ చేసినవాళ్ళకు ఇప్పుడైనా విశ్రాంతి వద్దా అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. నలభై ఏళ్ళు పొయ్యి ముందు నిలబడిన ఆవిడ, ఇక గరిటె పట్టనంటే అది ఆవిడ హక్కే. అయితే అది ఆవిడ తీసుకున్న నిర్ణయం అయి ఉండాలి. వంటగది వైపు రావద్దని బోర్డు పెట్టడం వేరు, వంట మానేస్తానని ఆవిడ అనడం వేరు. మన ఇళ్ళలో పెద్దరికం నడిచిన తీరు గుర్తు తెచ్చుకోండి. మామిడికాయలు ఏ వారం కొనాలి, పెళ్ళికి ఎవరెవర్ని పిలవాలి, పాలవాడిని మార్చాలా వద్దా, పాలేరుకు సంక్రాంతికి ఏమివ్వాలి అన్నవి ఇంట్లో పెద్దావిడ తేల్చేది. ఒంట్లో ఓపిక తగ్గినా మాట చెల్లుబడి తగ్గలేదు. ఉమ్మడి కుటుంబంలో పెద్దవాళ్ళు సుఖపడ్డారని మనం గొప్పగా చెప్పుకుంటాం గాని, అక్కడ వాళ్ళకు దొరికింది సేవ ఒక్కటే అనుకోవడం పొరపాటు. ఆ అధికారాన్ని మొత్తం తీసేసి సేవను మాత్రం నాలుగింతలు చేస్తే, పోయిన దానికి అది బదులవుతుందా? (అత్తగారి అధికారం కింద నలిగిన కోడళ్ళకు ఈ వర్ణన మీద వేరే అభిప్రాయం ఉంటుంది. అది న్యాయమే.)

మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ళ సంగతి ఏమిటన్నది వీటన్నిటికన్నా గట్టి ప్రశ్న. ఏ రోజో, తను ఎక్కడుందో తెలియని మనిషికి నిర్ణయాలు వదలడం బాధ్యత ఎగ్గొట్టడమే అనవచ్చు. నెదర్లాండ్స్‌లో వేస్ప్ అనే ఊళ్ళో 2009లో మొదలైన హోగెవేక్ ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు చూడదగినది. అది డిమెన్షియా ముదిరినవాళ్ళ కోసం కట్టిన ఊరు లాంటి చోటు. వీధులు, తోట, కిరాణా దుకాణం, కెఫే. ఆరేడుగురు కలిసి ఒక ఇంట్లో ఉంటారు, వంట ఆ ఇంట్లోనే. బయటి ప్రహరీకి ఒకే దారి, అక్కడ కాపలా. లోపల మాత్రం ఎవరు ఎక్కడికి వెళ్ళినా అడ్డు లేదు. అదంతా ఒక నాటకమనీ, మనుషుల్ని మాయలో ఉంచడమనీ విమర్శించినవాళ్ళున్నారు. ప్రభుత్వ బీమా డబ్బు దండిగా ఉన్న దేశంలో సాధ్యమైనది మన దగ్గర యథాతథంగా రాదు. దానిలోంచి మనం పట్టుకోవలసింది నిర్ణయాలకు మెట్లుంటాయన్న సంగతి. ప్రధాన గేటు తాళం చేతికి ఇవ్వలేని మనిషికి వరండా తలుపు తెరిచి ఉంచవచ్చు. బ్యాంకు కాగితాలు అర్థం కానివాళ్ళకు రెండు చీరలు చూపించి ఏది కట్టుకుంటారని అడగవచ్చు. వద్దు అని తల అడ్డంగా ఊపితే ఆ ముద్ద అక్కడ ఆపవచ్చు. నోటి మాట పోయినా వద్దనడం చివరిదాకా మిగులుతుంది. దాన్ని గుర్తుపట్టాలంటే మాత్రం రోజూ చూసే మనిషి కావాలి.

ఖర్చు సమస్య సరిగ్గా ఇక్కడే వస్తుంది. కాఫీ వేళ మార్చడానికి డబ్బు అక్కర్లేదు, ఆర్డెన్ హౌస్ మొక్కలకూ పెద్దగా ఖర్చు కాలేదు. అందుకే పేద ఆశ్రమానికి కూడా ఈ వాదన వర్తిస్తుందన్నాను. కాని ఒకే ఆయా కొన్నేళ్ళ పాటు నిలిచి, ఆవిడకు కూర ఎలా ఉంటే ఇష్టమో, ఈయన విసుగు ఆకలిదా నొప్పిదా అని తెలుసుకోవాలంటే ఆ ఆయాకు జీతం సరిగ్గా ఉండాలి, ఆమె చేతి కింద పదిహేను మంది ఉండకూడదు. తొందరలో ఉన్న మనిషి ఎవరినీ అడగదు, పని కానిచ్చేస్తుంది. అయిదు నిమిషాల్లో స్నానం చేయించాలంటే, తనంతట తను ఒళ్ళు తోముకోగలిగిన ముసలాయనకు కూడా సబ్బు అందదు. అమెరికా ప్రభుత్వం 2024లో నర్సింగ్ హోమ్‌లకు ఒక నియమం తెచ్చింది. ఒక్కొక్కరికి రోజుకు కనీసం 3.48 గంటల సిబ్బంది సమయం దక్కాలని అందులో చెప్పింది. సంస్థలు కోర్టుకెక్కాయి, 2025లో టెక్సస్ ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. డబ్బున్న దేశంలోనే గొడవ ఇలా ఉంటే మన సంగతి చెప్పనక్కర్లేదు. మన దగ్గర దీనికి భాష కూడా తోడవుతుంది. తెలుగు తల్లిదండ్రులు కోయంబత్తూరులోనో బెంగళూరులోనో చేరినప్పుడు, హైదరాబాదులోనే అయినా వేరే రాష్ట్రం నుంచి వచ్చిన అటెండెంట్ చేతికి వచ్చినప్పుడు, కడుపులో వికారంగా ఉందనడానికీ మంటగా ఉందనడానికీ తేడా చెప్పుకునే దారి మూసుకుపోతుంది.

మన చట్టాలు ఈ లోతుకు ఇంకా రాలేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు ఒకటైనా, కనీసం 150 మందికి చాలే ఆశ్రమం రాష్ట్రాలు పెట్టవచ్చునని దాని 19వ సెక్షన్ అంటుంది. పెట్టి తీరాలని అనలేదు. డబ్బు తీసుకుని నడిపే సముదాయాల కోసం కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. ర్యాంపులు, లిఫ్టులు, కట్టినవాళ్ళకూ సేవలు నడిపేవాళ్ళకూ ఉండేవాళ్ళకూ మధ్య ఒప్పందాలు అందులో ఉన్నాయి. నమూనా అంటే రాష్ట్రాలు తమ నియమాలుగా చేసుకుంటే తప్ప వాటికి పట్టు ఉండదు. అందువల్ల ప్రస్తుతానికి చేరేవాళ్ళు చదువుకోవలసింది తమ చేతికిచ్చిన ఒప్పందమే. మంచం పట్టాక ఇక్కడే ఉంచుతారా, వేరే చోటికి పంపిస్తారా, ఆ సంగతి తేల్చేది ఎవరు? దంపతుల్లో ఒకరు పోతే రెండోవారి ఇల్లు, ఛార్జీ ఏమవుతాయి? మెయింటెనెన్స్ పెంచేటప్పుడు ఎవర్ని అడుగుతారు? రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు దాకా మెలకువగా ఉండే మనుషులు ఎందరు? సంతకం పిల్లలది అయినా, ఈ ప్రశ్నలు అడిగేటప్పుడు తల్లిదండ్రులు ఆ గదిలో కూర్చుని ఉండాలి. వీలైతే వాళ్ళే అడగాలి.

అమెరికాలో 1987 చట్టం కింద నర్సింగ్ హోమ్‌లో ఉండేవాళ్ళకు తమ సంఘం పెట్టుకునే హక్కు ఉంది. సంస్థ వాళ్ళకు కూర్చునే చోటు చూపాలి, వాళ్ళ ఫిర్యాదులు విని ఏదో ఒకటి చేయాలి. మన సముదాయాల్లో కూడా నివాసుల కమిటీలు కనిపిస్తాయి. కమిటీ ఉందా అని అడిగితే, ఉందనే అంటారు. మినిట్స్ పుస్తకం చూపించమని అడగడం మేలు. గత ఆరు నెలల్లో లోపలివాళ్ళు ఏమేమి అడిగారు, వాటిలో ఎన్ని జరిగాయి, దేనికి కాదన్నారు, కాదన్నప్పుడు కారణం రాశారా అన్నవి ఆ పేజీల్లో ఉంటాయి. రాత్రి భోజనం ఏడింటికి కాకుండా ఎనిమిదింటికి పెట్టమని పదిమంది సంతకాలు చేసిన అర్జీకి ఏ గతి పట్టిందో చూస్తే, ఆ సంస్థ గురించి తెలుసుకోవలసింది చాలావరకు తెలిసిపోతుంది.